ఒక్క వరుస ఫోరేజ్ హార్వెస్టర్: కోత బాగుంది, చిక్కంతా గింజ దగ్గరే

పశువుల మేత కోసం ట్రాక్టర్‌కు తగిలించుకుని ఒక్కో వరుసగా మొక్కజొన్నను కోసి, ముక్కలు చేసి, ట్రాలీలోకి విసిరే ఫోరేజ్ హార్వెస్టర్ గురించి ఈ సమీక్ష. ఏదో ఒక కంపెనీ యంత్రం గురించి కాదు. రంగు మారినా స్టిక్కర్ మారినా ఈ తరగతి యంత్రాల లోపల ఉండేది దాదాపు ఒకటే: దంటును మొదట్లో కోసే బ్లేడ్లు, దాన్ని లోపలికి లాగే రోలర్లు, పది పన్నెండు కత్తులు బిగించిన బరువైన చక్రం, చక్రం అంచున విసిరే రెక్కలు, పైకి లేచి వంగిన గొట్టం. తేడాలున్నది ఉక్కు నాణ్యతలోనూ, గేర్‌బాక్స్ మన్నికలోనూ, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయన్న దానిలోనూ.

తీర్పు ముందే చెప్పేస్తాం. కోతకు పదికి ఎనిమిది. విసరడానికి ఏడు. గింజ పగలగొట్టడానికి నాలుగు. పాలు పెరుగుతాయా లేదా అన్నది ఆ నాలుగు దగ్గరే తేలుతుంది కాబట్టి ఎక్కువ మాటలు దానిమీదే.

గంటకు ఎంత కోస్తుంది?

కరపత్రంలో గంటకు 20 టన్నులనీ 25 టన్నులనీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అబద్ధం కాదు, కానీ అది ఆగకుండా, తిరగకుండా, వత్తుగా పెరిగిన చేలో కోసినప్పటి లెక్క. మనం వేసుకోవాల్సిన లెక్క వేరు. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, ట్రాక్టర్ వేగం గంటకు 4 కిలోమీటర్లు అనుకుంటే గంటలో కోసేది 2,400 చదరపు మీటర్లు. హెక్టారుకు 40 టన్నుల పచ్చిమేత వచ్చే చేలో అది దాదాపు 9.6 టన్నులు. చివర్లలో తిరగడం, ట్రాలీ మార్చడం, ఒకటి రెండుసార్లు గొట్టం మూసుకుపోవడం కలిపి పావు వంతు తీసేయండి. చేతికొచ్చేది గంటకు 7 టన్నులు. వంద టన్నుల పాతర (తరిగిన మేతను గాలి చొరకుండా తొక్కి మాగబెట్టే గుంత) నింపాలంటే 14 గంటల కోత, అంటే రెండు రోజులు.

రెండు రోజులు తప్పేమీ కాదు. మొక్క మొత్తంలో పొడి పదార్థం, అంటే నీళ్లు పోగా మిగిలేది, రోజుకు సుమారు అర శాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి రెండు మూడు రోజుల్లో పంట చేయిజారిపోదు. వారం పట్టేంత చేను ఉంటే మాత్రం ఈ యంత్రం ఒక్కటే చాలదు. మొదటి ట్రాలీ నీళ్లోడుతూ, చివరి ట్రాలీ ఎండిపోయి ఒకే పాతరలో పడతాయి.

ట్రాక్టర్ విషయంలో 35 హార్స్‌పవర్ చాలంటారు. నడుస్తుంది. వత్తు చేలో ఇంజిన్ ఊపిరాడక పిటిఓ (ట్రాక్టర్ నుంచి యంత్రాన్ని తిప్పే షాఫ్ట్) వేగం నిమిషానికి 540 చుట్ల నుంచి పడిపోతూ ఉంటుంది. రోలర్లూ కత్తుల చక్రమూ ఒకే గేర్‌బాక్స్ నుంచి తిరిగే యంత్రాల్లో, వేగం తగ్గినా ముక్క పొడవు మారదు. అందుకే డ్రైవర్‌కు తేడా కనిపించదు. తగ్గేది విసిరే బలం. ముక్కలు గొట్టం వంపు దాటలేక అక్కడే పేరుకుంటాయి, రెండు నిమిషాల్లో గొట్టం బిగుసుకుపోతుంది. ‘ఈ మిషన్ ఊరికే జామ్ అవుతుంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం యంత్రం కాదు, చిన్న ట్రాక్టర్. 50 హార్స్‌పవర్ ఉంటే నిశ్చింత.

జామ్ తీసేటప్పుడు ఒక్క మాట: పిటిఓ ఆపినా బరువైన చక్రం వెంటనే ఆగదు. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, చక్రం పూర్తిగా నిలిచాకే మూత తెరవాలి. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు విరిగితే ఆ రోజే మార్చాలి.

కత్తి, షియర్ బార్

ఈ యంత్రంలో మనసుపెట్టి చూసుకోవాల్సిన చోటు అరచేయంత ఉంటుంది. తిరిగే కత్తులకు ఎదురుగా కదలకుండా నిలబడే ఇనుప పట్టీ ఒకటుంటుంది, షియర్ బార్. కత్తెరకు రెండో రెక్క అదే. కత్తికీ ఆ బార్‌కూ మధ్య సందు ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, ఎక్కువ యంత్రాల్లో అర మిల్లీమీటరు లోపే. సందు పెరిగితే దంటు తెగదు, చిరుగుతుంది. ఆకులు పీచుల్లా వస్తాయి, కంకి మీది పొరలు వేలెడంత పొడవు రిబ్బన్లుగా ట్రాలీలో కనిపిస్తాయి, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

సర్దే వరుస ముఖ్యం. ముందు కత్తులు సానపట్టాలి, ఆ తర్వాతే షియర్ బార్ దగ్గరికి జరపాలి. సానపడితే కత్తి అంచు కొద్దిగా వెనక్కి పోతుంది. ముందు బార్ సర్ది తర్వాత సానపడితే చేసిన పని వృథా. పిటిఓ షాఫ్ట్ విప్పేసి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, ప్రతి కత్తి దగ్గరా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెట్టి చూడాలి. అన్ని కత్తులూ ఒకే ఎత్తులో ఉండవు. అన్నిటికంటే ముందుకు వచ్చిన కత్తిని పట్టుకుని సందు పెట్టాలి, లేదంటే అది బార్‌ను కొట్టి రెండూ పోతాయి. ఒక్క కత్తే బాగా ముందుకుంటే దాని బోల్టులు వదులై ఉండొచ్చు. కోత జరిగే రోజుల్లో రోజుకొకసారి సాన తప్పదు. యంత్రంలోనే సానరాయి బిగించి ఇచ్చే మోడల్‌కు మేం ఒక మార్కు ఎక్కువేస్తాం, ఎందుకంటే కత్తులు విప్పి బయటికి పట్టుకెళ్లాల్సి వస్తే ఆ పని రేపటికి వాయిదా పడుతుంది.

బార్ అంచు గుండ్రంగా అరిగిపోతే ఎంత దగ్గరికి జరిపినా లాభం లేదు. చాలా బార్‌లను తిప్పి రెండో అంచు వాడుకోవచ్చు. అది తెలియక కొత్తది కొనేవాళ్లే ఎక్కువ.

ముక్క పొడవు మార్చాలంటే గేర్ జత మార్చాలి. లేదా కత్తుల సంఖ్య తగ్గించాలి: పన్నెండులో ఆరు తీస్తే ముక్క రెండింతలవుతుంది. ఒకటి విడిచి ఒకటి తీయాలి, ఎదురెదురు కత్తులు సమానంగా మిగలాలి. ఒకవైపు తీస్తే చక్రం తూకం తప్పి బేరింగ్ పోతుంది.

గింజ పగలదు, అసలు నష్టం అక్కడే

సొంత ఇంజిన్‌తో నడిచే పెద్ద హార్వెస్టర్లలో కత్తుల తర్వాత గింజ నలిపే రెండు పళ్ల రోలర్లు ఉంటాయి. వాటి మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. ఆ సందులోంచి గింజ నలగకుండా రాలేదు. ఈ ఒక్క వరుస యంత్రాల్లో అవి ఉండవు. కొన్నింటిలో చక్రం చుట్టూ గరుకు పలకలు బిగిస్తారు. వాటిని చూపించి గింజ పిండి అయిపోతుందని అమ్మేటప్పుడు చెబుతారు. లేత గింజ మీద పనిచేస్తాయి, గట్టిపడిన గింజ మీద కాదు.

నష్టం ఎంతో లెక్క కడదాం. ఆవుకు రోజుకు 20 కిలోల సైలేజ్ (పాతరలో మాగిన మేత) వేస్తున్నారనుకోండి. అందులో పొడి పదార్థం 33 శాతం అయితే 6.6 కిలోలు. మంచి మొక్కజొన్న సైలేజ్ పొడి పదార్థంలో పిండి సుమారు 30 శాతం, అంటే 2 కిలోలు. గింజలు పగలక అందులో ఐదో వంతు పేడలోకి పోయిందనుకుంటే 400 గ్రాముల పిండి. ఆ లోటు పూడ్చడానికి ఆవుకు రోజూ 600 గ్రాములకు పైగా మొక్కజొన్న పిండి అదనంగా దాణాలో కలపాలి. మందలో ఎన్ని పశువులుంటే అన్ని రెట్లు, పాతర అయిపోయేదాకా ప్రతిరోజూ.

పరీక్ష చేలోనే చేయొచ్చు. ట్రాలీలోంచి లీటరు మగ్గు నిండా తరిగిన మేత తీసి బకెట్ నీళ్లలో వేయండి. చేత్తో కలిపితే దంటు, ఆకు తేలతాయి, గింజ అడుగుకు దిగుతుంది. తేలినదాన్ని తీసేసి, నీళ్లు మెల్లగా వంచేసి, అడుగున మిగిలింది గుడ్డమీద పరవండి. పూర్తి గింజలూ సగం గింజలూ కలిపి రెండు మూడుకు మించకపోతే భేష్. గింజ కనీసం నాలుగు ముక్కలైతేనే పగిలినట్టు లెక్క. గీత పడిన గింజ, సగమైన గింజ కళ్లకు పగిలినట్టే కనిపిస్తాయి, ఆవు కడుపుకు కాదు. ఈ తరగతి యంత్రాలతో ఆలస్యంగా కోసిన చేలో ఈ పరీక్ష చేస్తే గుడ్డమీద కంకే ఒలిచి పోసినట్టు ఉంటుంది.

కాబట్టి ఈ యంత్రం కొన్నవాళ్లు కోత రోజును యంత్రానికి తగ్గట్టు జరుపుకోవాలి. గింజ నలిపే రోలర్లు ఉన్నవాళ్లు పొడి పదార్థం 35, 36 శాతం దాకా ఆగొచ్చు. ఇక్కడ 32 దగ్గర మొదలుపెట్టి 34 దాటకముందే ముగించడం మంచిది. కంకిని మధ్యకు విరిచి కొన వైపు ముక్కలో గింజను చూస్తే, పైనుంచి గట్టిపడుతూ కిందికి దిగే పాలగీత కనిపిస్తుంది. అది సగానికి వచ్చేసరికి పొలంలో ఉండాలి. అయితే ఆకు పచ్చగా ఉండగానే గింజ ముదిరే రకాల్లో పాలగీత మోసం చేస్తుంది. నాలుగైదు చోట్ల మొక్కలు కోసి, తరిగి, కలిపి, 100 గ్రాములు తూచి మైక్రోవేవ్‌లో పెట్టి ఆరబెట్టడమే నమ్మకమైన దారి. పక్కన ఒక గ్లాసు నీళ్లు ఉంచండి, లేకపోతే చివర్లో మాడుతుంది. మొదట నాలుగు నిమిషాలు, తర్వాత ఒక్కో నిమిషం, బరువు ఇక తగ్గనంతవరకు. చివర్లో 33 గ్రాములు మిగిలితే పొడి పదార్థం 33 శాతం.

30 శాతం లోపు తొందరపడి కోస్తే ఇంకో తలనొప్పి. పాతర అడుగునుంచి రసం కారుతుంది, పోషకాలు అందులోనే పోతాయి, బ్యూటిరిక్ ఆమ్లం కంపు కొడుతుంది. అలాంటి సైలేజ్‌ను ఆవు మూతితో పక్కకు తోసేస్తుంది.

పొడవు ఎంత పెట్టాలి?

నలిపే రోలర్లు లేని యంత్రానికి 10 మిల్లీమీటర్ల దగ్గర సెట్టింగ్ సరైనది. రోలర్లు ఉన్నవాళ్లు 19 దాకా పోవచ్చు, మనకు ఆ సౌకర్యం లేదు. గింజ పగలాలన్న ఆశతో 4 మిల్లీమీటర్ల గేర్ వేసేవాళ్లున్నారు. గింజ కొంత మెరుగుపడుతుంది, పీచు పాడవుతుంది. పిండిలా తరిగిన మేతను ఆవు నమలదు, నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, కడుపులో ఆమ్లం పెరుగుతుంది. పాలలో వెన్న శాతం పడిపోవడం దాని మొదటి గుర్తు. పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరేస్తూ కనిపించాలి. లేకపోతే రోజుకు కిలో రెండు కిలోల ఎండుగడ్డి పొడుగ్గా వేయండి, ఆ గేర్ తీసేయండి.

ముక్కల సైజు తేల్చే మూడు జల్లెళ్ల పెట్టె ఉంటే ఇది ఊహ కాదు, లెక్క. మొక్కజొన్న సైలేజ్‌కు 19 మిల్లీమీటర్ల జల్లెడ మీద 3 నుంచి 8 శాతం, 8 మిల్లీమీటర్ల మీద 45 నుంచి 65, 4 మిల్లీమీటర్ల మీద 20 నుంచి 30, అడుగు పళ్లెంలో 10 లోపు నిలవాలి. మొద్దు కత్తులతో కోసిన మేతలో పై జల్లెడా పళ్లెమూ రెండూ నిండుతాయి, మధ్యలో ఖాళీ. ఆ ఆకారం కనిపిస్తే గేర్ జోలికి పోకుండా సానరాయి తీయండి.

కోత ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఇంకా కిందికి దించితే టన్నులు పెరిగినట్టుంటుంది కానీ వచ్చేది మట్టీ జీర్ణం కాని మొదలూ. వానలు లేక వాడిన చేలో నైట్రేట్ దంటు అడుగునే పేరుకుంటుంది కాబట్టి 30 సెంటీమీటర్ల పైనే కోయాలి. ఎత్తు సర్దడానికి చాలా మోడళ్లలో పిన్ను తీసి రంధ్రం మార్చాలి. గట్టు దగ్గర, పల్లంలో దిగి మార్చే ఓపిక ఎవరికుంటుంది? హైడ్రాలిక్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

మొక్కజొన్న కాకుండా ఇంకేమైనా?

జొన్నకు బాగానే పనికొస్తుంది. నేపియర్ గడ్డికి సగం సగమే. వరుస పట్టుకుని నడిచే మోడల్ ముక్కుకు నేపియర్ దుబ్బు వెడల్పు ఎక్కువై పక్క పిలకలు నలిగి పడిపోతాయి. వరుసతో పని లేకుండా గుండ్రంగా తిరిగే డ్రమ్ము ఉన్న మోడల్ నయం. రోజువారీ పచ్చిమేతకు పర్లేదు. పాతర వేయాలంటే చిక్కు: లేత నేపియర్‌లో తేమ 80 శాతం దాకా ఉంటుంది, చక్కెర తక్కువ. కోసి ఒక పూట వాడబెట్టాలి, కానీ ఈ యంత్రం కోతా తరుగూ ఒకేసారి చేసేస్తుంది, వాడబెట్టే వీలుండదు. ఎండుగడ్డి తరుగు, మొలాసిస్ కలుపుకుని సర్దుకోవాలి. లూసర్న్ లాంటి సన్నని పంటలకు ఇది అసలు పనికిరాదు.

యంత్రం వేగం, పాతర కొలత

ఈ యంత్రం నెమ్మదితనంలో ఒక మేలుంది. పాతర తొక్కే ట్రాక్టర్ బరువుకు ఒక లెక్క ఉంది: గంటకు వచ్చే ప్రతి టన్ను మేతకు 400 కిలోల బరువు. గంటకు 7 టన్నులంటే 2,800 కిలోలు. ఒక మామూలు ట్రాక్టర్, కాస్త అదనపు బరువుతో సరిపోతుంది. అదే పెద్ద యంత్రాన్ని అద్దెకు తెస్తే ట్రాలీల మీద ట్రాలీలు వచ్చిపడి, తొక్కే ట్రాక్టర్ వెనకబడి, లోపల గాలి మిగిలిపోతుంది. 15 సెంటీమీటర్ల పొరలుగా పరిచి తొక్కితే ఘనమీటరుకు 700 కిలోల దాకా బిగించొచ్చు.

20 పశువుల మందకు రోజుకు 400 కిలోలు కావాలి. అంటే అర ఘనమీటరు కన్నా కొంచెం ఎక్కువ. రోజూ ముఖం (మేత తీసేందుకు తెరిచిన వైపు) మొత్తం మీద కనీసం 15 సెంటీమీటర్లు తీయాలి కాబట్టి పాతర ముఖం రెండున్నర మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు దాటకూడదు. వెడల్పుగా కడితే ముఖం రోజుల తరబడి గాలికి ఉండి వేడెక్కుతుంది. ఎండాకాలం 30 సెంటీమీటర్ల దాకా తీయాల్సి వస్తుంది, ఇంత మందకు అది కుదరదు. అలాంటప్పుడు లాక్టోబాసిల్లస్ బుక్నెరీ అనే మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న కల్చర్ నింపేటప్పుడే కలిపితే ముఖం త్వరగా వేడెక్కదు. గ్రాము మేతకు 4 లక్షల జీవకణాలు పడాలి. ప్యాకెట్ మీద సంఖ్య చూసి లెక్క కట్టుకోండి. క్లోరిన్ వేసిన నీళ్లలో కలిపితే అవి అక్కడే చస్తాయి.

సాయంత్రం పని ఆగితే పైన టార్పాలిన్ కప్పి వెళ్లాలి. నిండాక మూసి కనీసం నాలుగు వారాలు ఆగాలి. తెరిచాక ఒక్కసారిగా మార్చకుండా 10 నుంచి 14 రోజుల్లో పాత మేత తగ్గిస్తూ ఇది పెంచాలి. పాతర నింపిన మొదటి రెండు మూడు వారాలు దాని దగ్గర పసుపు, గోధుమ రంగు పొగ కనిపిస్తే దూరంగా ఉండండి. అది నైట్రోజన్ డయాక్సైడ్, గాలికన్నా బరువు, గుంతలో దిగినవాణ్ణి బతకనివ్వదు.

మరమ్మతులు, మన్నిక

రాళ్లున్న చేలో ఈ యంత్రం దండగ. ఒక్క గులకరాయి నాలుగు కత్తులను తినేస్తుంది. ఈ తరగతిలో లోహాన్ని పసిగట్టి ఆపే ఏర్పాటు ఉండదు, కాబట్టి కంచె తీగ ముక్క దొరికితే తరిగి ట్రాలీలో వేస్తుంది. ఆ తీగ ముక్క ఆవు రెండో కడుపులో గుచ్చుకుంటుంది. కోతకు ముందు గట్ల వెంట నడిచి తీగలు ఏరడం, ఆవుకు అయస్కాంతం మింగించడం, రెండూ చేయాల్సిందే.

గ్రీజు పెట్టే చోట్లు పదిహేను దాకా ఉంటాయి, పిటిఓ క్రాస్‌లకు ప్రతి 8 గంటలకు ఒకసారి. లాగే రోలర్ల వెనక ఒకటి మూత విప్పితే తప్ప అందని చోట పెట్టారు, డిజైన్ లోపం అనక తప్పదు. మొదట పోయే బేరింగ్ కూడా అదే. రోజు పని అయ్యాక గొట్టం, చక్రం గూడు తెరిచి దులపాలి. మొక్కజొన్న రసం రాత్రికి గట్టిపడి తెల్లారేసరికి రెక్కల మీద పెచ్చుకడుతుంది, రసంలోని ఆమ్లం రంగును కూడా తినేస్తుంది.

వాడింది కొనేవాళ్లు పెయింట్ చూడొద్దు. విసిరే రెక్కల చివరకూ గూటికీ మధ్య సందు చూడండి. అరిగి సందు పెరిగితే కొత్త కత్తులు వేసినా గొట్టం మూసుకుపోతూనే ఉంటుంది. గొట్టం వంపు లోపలివైపు వేలితో తట్టండి, రేకు పలచబడితే శబ్దంలోనే తెలుస్తుంది. చివరిగా షియర్ బోల్ట్. అది విరగడానికే పెట్టింది, రాయి పడితే బోల్ట్ తెగి గేర్‌బాక్స్ బతకాలి. మాటిమాటికీ తెగుతోందని విసుగెత్తి కంపెనీ చెప్పిన గ్రేడు బదులు గట్టి బోల్ట్ బిగించేవాళ్లు చాలామంది. తలమీద అంకె చూడండి. గట్టి బోల్ట్ కనిపిస్తే గేర్‌బాక్స్ మూత తెరిపించి పళ్లు చూడకుండా బేరం మొదలుపెట్టొద్దు.